బస్సుదారుల పటం

పదకొండో కంప్యూటరు దుమ్ము దులిపి, కంప్యూటర్లాయన పన్నెండోదాని ముందు కూలబడ్డాడు. గ్రంథాలయంలో ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు. పందొమ్మిదేళ్ల ఉద్యోగానికి మెడ ముందుకు వంగిపోయింది. కీబోర్డుల మురికితో వేళ్ల కొసలు నల్లబడ్డాయి. ఏదైనా పాడైతే తప్ప ఆయనొకడున్నాడని ఎవరికీ గుర్తుండదు.

అవన్నీ లినక్స్ అనే ఉచిత వ్యవస్థ మీద మూలుగుతూ నడిచే పాత యంత్రాలు. వాటిలోని ప్రోగ్రాములు ఇన్‌స్టాల్ చేసే బాదరబందీ లేని రకం. ఒక్కో ప్రోగ్రామూ ఒక్కో ఫైలు, ఫోల్డర్లో పడేసి నొక్కితే తెరుచుకుంటుంది. వాటి ఆలనాపాలనా చూసే టూలు ఒకటుంది. పాతబడినవాటిని అదే కనిపెడుతుంది, కొత్తవి అదే తెస్తుంది. చివర్లో బుద్ధిగా అడుగుతుంది, పాతదాన్ని ఫోల్డరుతో సహా తీసేయమంటారా అని.

మూడు వారాల కిందట, భోజనం వేళ దాటిపోతోందని, ఆయన చదవకుండానే ‘సరే’ నొక్కేశాడు. ఆ ఫోల్డర్లో పెద్దాయన పటం ఉంది.

పెద్దాయన రిటైరైన బస్సు డ్రైవరు. ముప్పై ఏళ్లు తాను బస్సు నడిపిన దారులన్నీ, ఎప్పుడో ఎత్తేసిన స్టాపులతో సహా, ఆర్నెల్లుగా అక్కడి కంప్యూటరు మీదే గీస్తున్నాడు. పటాన్ని ఆ ఫోల్డర్లో దాచుకోమన్నది కూడా కంప్యూటర్లాయనే. వేరే కాపీ లేదు.

పటం కనపడక పెద్దాయన బిక్కమొహం వేసుకుని అడిగినప్పుడు, అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో నోటికి.

"సేవ్ చేయడం మర్చిపోయుంటారండీ."

"అంతేనంటావా? చేశాననే అనుకున్నాను బాబూ. వయసైపోయిందిలే."

నాలుగు తిట్టినా బాగుండేది. అప్పటినుంచి కంప్యూటర్లాయనకు అన్నం సహించడం లేదు. రోజూ చెప్పేద్దామనుకుంటాడు, మళ్లీ ఏదో కంప్యూటరు దుమ్ము దులపడంలో పడిపోతాడు. ఈ ఉదయం మాత్రం ఏదైతే అదవుతుందని తెగించి వచ్చాడు.

పదకొండింటికి పెద్దాయన వచ్చాడు, కూతురి చెయ్యి పట్టుకుని. ఎప్పుడూ కూర్చునే కుర్చీ వైపు వెళ్లలేదు. జేబులోవన్నీ తీసి బల్లమీద పెట్టి, వాటిలోంచి గ్రంథాలయం కార్డు వెతికి ఇచ్చాడు.

"ఇది ఇచ్చేద్దామని వచ్చాను బాబూ. నీకు చాలా శ్రమ ఇచ్చాను."

"మతిమరుపు వాళ్లని చూసుకునే చోట చేరుస్తున్నామండీ," అంది కూతురు, గొంతు తగ్గించి. "ఆర్నెల్లు గీసింది సేవ్ చేయడమే మర్చిపోయారు. రేపు గ్యాస్ కట్టేయడం మర్చిపోతే? నాన్న కూడా నిజమేనన్నారు."

కంప్యూటర్లాయన నోరు తెరిచాడు. తప్పు నాదమ్మా అని ఒక్క మాట. ఆ మాటతో ఉద్యోగం పోతుందేమోనన్న భయం కంటే, పెద్దాయన ఎదురుగా అబద్ధాలకోరుగా నిలబడాలన్న సిగ్గే ఆయన్ని చంపేసింది.

"జాగ్రత్తండీ," అన్నాడు.

పెద్దాయన తలూపి, మెట్లు ఒక్కొక్కటే చూసుకుంటూ దిగాడు. కారు కదిలిపోయింది.

అప్పుడు కనిపించింది బల్లమీద మర్చిపోయిన చిన్న నోటుపుస్తకం. మొదటి పేజీ తేదీ మూడు వారాల కిందటిది, తాను అబద్ధమాడిన మర్నాటిది. వణుకుతున్న అక్షరాలు పేజీ తర్వాత పేజీ నిండి ఉన్నాయి: తలుపు తాళం వేశాను. గ్యాస్ కట్టేశాను. మాత్ర వేసుకున్నాను. పటం మళ్లీ మొదలుపెట్టాను. సేవ్ చేశాను. రెండుసార్లు చేశాను.