అద్దానికి అటు కొస

అయినా ఈ జిమ్ములు పెట్టేవాళ్లంతా మూడో అంతస్తులోనే ఎందుకు పెడతారో, మెట్లెక్కలేనివాణ్ణి గుమ్మం దగ్గరే వడగట్టెయ్యడానికి కాబోలు, ఎక్కగలిగినవాడికి ఇక జిమ్ముతో పనేముంది, అనుకుంటూ అల్లుడు అద్దం కింది కొసకు అరచెయ్యి ఆనించి మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు, అద్దమంటే చిన్నా చితకా అద్దం కాదు, గోడంత అద్దం, బస్సెడు జనం వరసగా నిలబడి తల దువ్వుకోవచ్చు, పై కొస బావ పట్టుకున్నాడు, బావంటే భార్యకు అన్న, అద్దాల షాపుకు ఇప్పటి యజమాని, పొద్దున్నుంచీ నోరు విప్పని మనిషి, మామూలుగా అయితే వ్యాను ఎక్కింది మొదలు దిగేదాకా ఎదురొచ్చే బండివాళ్ల ఏడు తరాలనూ పేరు పేరునా పలకరించేవాడు ఇవాళ ఒక్కణ్ణి కూడా తిట్టలేదు, ఒక ఆటోవాడు పనిగట్టుకుని అడ్డమొచ్చినా తిట్టలేదు, పాపం ఆ ఆటోవాడే చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు, దాన్నిబట్టే తెలుస్తోంది, చెల్లెలు చెప్పేసింది, ఏం చెప్పిందో తెలీదు గానీ చెప్పేసింది, మెల్లిగా, ఎడమ, ఇంకాస్త ఎడమ, అంటున్నాడు బావ, అంతకుమించి మాట లేదు, అల్లుడూ అని కూడా అనడం లేదు, అల్లుడని అతన్ని అందరూ అంటారు, పని నేర్చుకోవడానికి షాపుకొచ్చి మేస్త్రి కూతుర్ని చేసుకున్న నాటి నుంచీ అదే పేరు, కిటికీ అద్దం కొనడానికి వచ్చిన ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా అల్లుడూ కాస్త తగ్గించుకో అంటారు, ఊరందరూ తలా ఒక పిల్లనిచ్చినట్టు.

మొదటి మలుపు దాకా ఫరవాలేదు, ఫరవాలేదని అతను అనుకోవడమే, అద్దం మొహం తమవైపే ఉంది కనక ఎక్కినంతసేపూ తన మొహం తనే చూసుకోవాలి, ఎవరీ పెద్దమనిషి, మన అద్దం మోస్తున్నాడు పాపం, ఒక కుర్చీ వెయ్యండయ్యా అనిపించేలా ఉన్నాడు, బుగ్గలు ఉబ్బి, భుజాలు కరిగి, చొక్కా లోపల ఛాతీ మెత్తబడి, గడ్డం ఒకప్పుడు పొద్దున గీస్తే సాయంత్రానికి ఉప్పుకాగితం, తలుపు చెక్కకు రుద్దితే నునుపు తేలేది, ఇప్పుడు వారానికోసారి గీసినా బ్లేడు పనిలేక తుప్పు పడుతోంది, ఫ్యాను కింద కూర్చున్నా ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిరి పట్టినట్టు చెమట్లు, ఇక ఏడుపు, మేస్త్రి పోయినప్పుడు కూడా కంట తడి పెట్టనివాడు మొన్న నడిరోడ్డు మీద ఒంటి చెప్పు పడి ఉండటం చూసి ఏడ్చాడు, రెండోది ఎక్కడుందో అని, ఎవరో మంచినీళ్ల సీసా చేతికిచ్చి మీవాళ్లెవరైనా పోయారా అనడిగితే ఒక చెప్పు అనలేక తలూపాడు, దగ్గరివాళ్లా అన్నారు, దానికీ తలూపాడు, ఇదంతా నడుం నొప్పికి వేసుకున్న మాత్రల వల్లట, గట్టి మాత్రలు, రెండు వారాలకని రాసిచ్చినవాటిని రెండేళ్లు మింగాడు, మింగకపోతే అద్దం ఎత్తలేడు, అద్దం ఎత్తలేనివాడు అద్దాల షాపుకు అల్లుడెలా అవుతాడు, డాక్టరమ్మ కాగితం మీద తలకాయ బొమ్మ గీసి అందులో బఠాణీ గింజంత గ్రంథిని చూపించింది, మగ హార్మోను తయారు చెయ్యమని కిందికి కబురు పంపేది ఇదే, మీ మాత్రలు దీన్ని నిద్రపుచ్చాయి, కబురు ఆగింది, కింద పని ఆగింది అని చెప్పింది, అంటే ఫ్యాక్టరీ బాగానే ఉందండీ, ఆఫీసులో గుమాస్తానే పడుకున్నాడు, అంతేగా అన్నాడు అతను, డాక్టరమ్మ నవ్వలేదు, చదువుకున్నవాళ్లని నవ్వించడం మహా కష్టం, మీ వయసుకు ఉండాల్సినదాంట్లో పావు వంతు కూడా లేదు, మాత్రలు ఒక్కసారిగా మానకూడదు, మెల్లిగా తగ్గిద్దాం, నొప్పికి వేరే దారి చూద్దాం, అప్పుడు లేస్తాడేమో మీ గుమాస్తా, లేవకపోతే దానికీ మందులున్నాయి, ఇది చాలామందికి వస్తుంది, దాచుకోవాల్సిన జబ్బు కాదు, ఈసారి వచ్చేటప్పుడు మీ ఆవిణ్ణి కూడా తీసుకురండి అంది, మా ఆవిడ ఊళ్లో లేదండీ అన్నాడు, ఆ మాటన్నప్పుడు ఆవిడ ఆ ఆస్పత్రి మెట్ల కిందే, నీడ దొరక్క స్కూటరు సీటు మీద చున్నీ పరుచుకుని కూర్చుని, నడుం చూపించుకోవడానికి పైకెళ్లిన మొగుడి కోసం ఎదురుచూస్తోంది.

ఏమంది డాక్టరమ్మ అని అడిగింది ఆవిడ, నీ నడుం ఊరికే ప్యాంటు నిలబడ్డానికి తప్ప దేనికీ పనికిరాదందన్నాడు, నవ్వింది, అప్పటికింకా నవ్వేది, ఆవిడ నవ్వితే అతనికి గండం గడిచినట్టు, అందుకే ఎప్పుడూ ఒక జోకు జేబులో పెట్టుకు తిరిగేవాడు, ఆవిడ పక్కన చేరితే ఎడమ కాలు తిమ్మిరి, చెయ్యి వేస్తే కుడి భుజం నొప్పి, ఇంకొంచెం దగ్గరికొస్తే నిద్ర, నిద్ర నటించడంలో అతన్ని మించినవాడు ఈ భూమ్మీద లేడు, గురక కూడా తాళం తప్పకుండా పెట్టేవాడు, మధ్యలో ఒకసారి దోమను తోలుకునేవాడు నమ్మకం కోసం, అలాంటివాణ్ణి ఒకరోజు దుప్పటి మడతపెడుతూ అడిగింది, నేనంటే ఇష్టం పోయిందా నీకు అని, గొంతులో కోపం లేదు, రేపు పాలవాడికి ఎన్ని చెప్పాలి అన్నట్టే అడిగింది, ఇష్టాన్ని సర్వీసింగుకిచ్చాను, స్పేరు పార్టు దొరకట్లేదట అన్నాడు, నవ్వింది, దుప్పటి కొసలు కలవలేదు, విప్పి మళ్లీ మడతపెట్టింది, ఆ తర్వాత అడగలేదు, అడక్కపోవడమే కాదు, చీర మార్చుకోవాలంటే బాత్రూములోకి వెళ్లి గడియ పెట్టుకోవడం మొదలుపెట్టింది, ఇన్నేళ్ల కాపురంలో ఎప్పుడూ లేనిది, ఇంట్లోకి ఎవరో చుట్టం దిగినట్టు, ఆ చుట్టం తనే, గడియ చప్పుడు విన్నప్పుడల్లా ఆ తలుపు కొట్టి, నీ వల్ల కాదే, నా తలకాయలో బఠాణీ గింజ పడుకుంది, అంతే, అని చెప్పెయ్యాలనిపించేది, నాలుక దాకా వచ్చేది, వచ్చి జోకై బయటపడేది, ఆఖరికి పొద్దున ఆవిడ బ్యాగు జిప్పు లాగుతూ, సాయంత్రం అన్నయ్య వాళ్లింటికెళ్తున్నాను, కొన్నాళ్లుంటాను అంటే, సరే, వచ్చేటప్పుడు షాపు నుంచి అరడజను మేకులు పట్రా అన్నాడు, జిప్పు సగంలో ఇరుక్కుంది, ఆవిడ దాన్నే చూస్తూ నిలబడింది, నవ్వలేదు.

మెల్లిగా, మలుపు, నీ వైపు కాస్త ఎత్తు, అన్నాడు బావ, ఎత్తాడు, ఎత్తాననుకున్నాడు, ఎక్కేటప్పుడు బరువంతా కింది కొసదే, కింది కొస ఎప్పుడూ తనదే, పెళ్లయిన కొత్తలో పట్టుబట్టి తీసుకున్నాడు, అప్పట్లో ఈ సైజు అద్దాన్ని మోస్తూ ఈల వేసేవాడు, జారుతోంది బావా, జారుతోంది, పోయింది, అని అరిచి బావ మొహంలో రక్తమంతా దిగిపోయాక, ఆఁ నా ప్యాంటు అనేవాడు, ఒకసారి కొత్త అద్దం మీద సబ్బుతో పగులు గీస్తే, అది చూసి కూలబడిన బావను కుర్చీలో కూర్చోబెట్టి విసరాల్సి వచ్చింది, ఎన్ని వేషాలు వేసినా ఒక్క మాట జోలికి మాత్రం పోలేదు, దించు అనే మాట, ఈ పనిలో అది ఒక్కటే నిఖార్సయిన మాట, ఒక కొసవాడు దించు అన్నాడంటే రెండో కొసవాడు ఎందుకని అడగడు, నవ్వడు, ఆ క్షణంలో ఎక్కడుంటే అక్కడ దించేస్తాడు, పని నేర్చుకునే రోజుల్లో తెలియక ఒకసారి ఆ మాటను సరదాకి అన్నాడు, మేస్త్రి చటుక్కున దించాడు, దించే తొందరలో వేళ్లు కింద పడి నలిగాయి, నలిగిన వేళ్లతోనే వచ్చి ఏదిరా, నీ చెయ్యి చూపించు, ఎక్కడ తెగింది అని తన అరచేతులు తిప్పి తిప్పి చూశాడు, తెగలేదు మేస్త్రీ, ఊరికే అన్నాను, అంటే కొట్టలేదు, తిట్టలేదు, కొట్టినా బాగుండేది, అద్దం పగిలితే ఇంకోటి కోసుకుంటాం గానీ, చెప్పకుండా చెయ్యి వదిలేసినవాడితోనూ, ఊరికే చెప్పినవాడితోనూ మళ్లీ అద్దం ఎత్తం రా అని మాత్రం అన్నాడు, చాలాకాలం అద్దం ముట్టుకోనివ్వలేదు, తుడవడానికి కూడా, ఇప్పుడు మోచేతి దగ్గర మొదలైంది వణుకు, ముందు సన్నగా, పక్క గదిలో కుట్టుమిషను తిరుగుతున్నట్టు, అద్దంలో తన మొహం కూడా వణుకుతోంది, బావ వీపు వణుకుతోంది, గోడ వణుకుతోంది, ఊళ్లో ఇంత పెద్ద భూకంపం ఒక్క మనిషికే రావడం ఇదే మొదలు, జారుతోంది బావా అన్నాడు, బావ వెనక్కి చూడలేదు, ఊఁ అన్నాడు, జారనీ, నీ ప్యాంటేగా అన్నాడు, నిజంగా బావా అన్నాడు, ఊఁ అన్నాడు బావ, ఇంకో మెట్టెక్కాడు, తడి చేతిలోంచి అంచు ఒక వేలు మందం దిగింది, ఇన్నేళ్ల జోకులన్నీ గొంతుకు అడ్డంపడి, వాటి కింద నుంచి ఎలా దూరి వచ్చిందో ఆ మాట, ఎంత మెల్లిగానో వచ్చింది, దించు.

బావ దించాడు, అడగలేదు, నవ్వలేదు, మెట్టు మీంచి వెనక్కి ఒక్క అడుగు వేసి, నడుం వంచి, మలుపులో ముందే పరిచి ఉంచిన గోనెపట్టా మీదికి అద్దాన్ని దించి గోడకు ఆనించాడు, ఆనించి వచ్చి, ఏదీ, చెయ్యి చూపించు అన్నాడు, అచ్చం వాళ్ల నాన్నలాగే, చేతులు తిప్పి తిప్పి చూశాడు, తెగలేదు, తెగలేదు గానీ ఏడుపు వచ్చేసింది, చెప్పు కోసం వచ్చినట్టే వచ్చింది, ఆపుకోవడానికి జోకు కోసం జేబులన్నీ వెతుక్కున్నాడు, ఒక్కటీ లేదు, బావ కింద మెట్టు మీద కూర్చుని అటు తిరిగి, సాయంత్రం చెల్లి మా ఇంటికొస్తానంది, నువ్వు ఇంకెవరినైనా చూసుకున్నావేమోనని దాని అనుమానం, నేను దాన్ని ఏమడగాలో, నిన్నేమడగాలో నాకు తెలియట్లేదు అల్లుడూ అన్నాడు, ఇంకొకావిడా, ఊళ్లో ఆడవాళ్లంతా కట్టగట్టుకుని వచ్చి తలుపు కొట్టినా కొలతలు తెచ్చారా అని అడిగే స్థితిలో ఉన్నాడు తను, అయినా అది అనలేదు, ఎవరూ లేరు బావా, నాకే బాగాలేదు అన్నాడు, నడుం మాత్రల దగ్గర మొదలుపెట్టి, బఠాణీ గింజ మీదుగా, ఆవిడ అన్నకే ఆవిడ గురించి ఎలా చెప్పాలో తెలియక గోడ సున్నానికి చెప్పినట్టు చెప్పాడు, ఒంట్లో ఆ ఊసే లేదు బావా, దాని మీద కోపం కాదు, విసుగు కాదు, నీళ్లు రాని కుళాయి కింద బిందె పెట్టుకుని రోజూ అది కూర్చున్నట్టుంది, చూడలేక నిద్ర నటిస్తున్నాను అన్నాడు, బావ చెవులు ఎర్రబడ్డాయి, బూటు తాడు విప్పి కట్టాడు, మళ్లీ విప్పాడు, దానికి తెలుసా అన్నాడు, తెలీదు అన్నాడు అతను, మరి నాకెందుకు చెప్తున్నావురా పిచ్చోడా, అన్నాడు బావ, గట్టిగా కూడా అనలేదు, లేచి భుజం మీద చెయ్యి వేశాడు, ఆ చెయ్యి అక్కడే కాసేపుంచి, నేను కిందికెళ్లి ఇంకొకణ్ణి పిలుచుకొస్తాను, నువ్వు దీన్ని కనిపెట్టుకుని ఉండు అని దిగి వెళ్లిపోయాడు.

దిగే చప్పుడు తగ్గిపోయింది, అద్దం ముందు మెట్టు మీద కూర్చున్నాడు, అద్దంలో అతనూ కూర్చున్నాడు, మరి నాకెందుకు చెప్తున్నావు, నిజమే, ఎందుకు, బావకు చెప్పడానికి ఒక మాట ఉంది, ఇంట్లో అలాంటి మాట లేదనుకున్నాడు ఇన్నాళ్లూ, పైన జిమ్ములో ఎవరో బరువు ఎత్తి దబ్బున పడేశారు, గాజు సన్నగా మోగింది, ఆ మోతకు ఎందుకో పాత సాయంత్రం గుర్తొచ్చింది, పని నేర్చుకునే రోజులు, షాపు ముందు రోడ్డు మీద తను ఒక్కడే రెండు చేతులూ చాపి, లేని అద్దాన్ని మోస్తున్నట్టు నటిస్తున్నాడు, అటు కొస పట్టుకునేవాడు లేక ఆట రక్తి కట్టట్లేదు, కాలేజీ నుంచి వస్తున్న మేస్త్రి కూతురు చూసింది, నవ్వలేదు, పుస్తకాలు గట్టు మీద పెట్టి, చున్నీ నడుముకు బిగించి వచ్చి అటు కొస పట్టుకుంది, అంత నిమ్మళంగా, మొహంలో ఒక్క గీత కదలకుండా, పదండి, మెల్లిగా అంది, ఇద్దరూ ఏమీ లేని అద్దాన్ని మోసుకుంటూ రోడ్డు దాటారు, స్కూటర్లు ఆగాయి, బస్సు ఆగింది, పోలీసాయన ఈల వేసి ఇంకో వీధిలో బండ్లు కూడా ఆపాడు, ఒక పెద్దావిడ జాగ్రత్త బాబూ పగిలేను అంది, అవతలికి చేరి గోడకు ఆనించి, ఆవిడ చేతులు దులుపుకుని, చాలా బరువుంది కదూ అంది, అక్కడ పడిపోయాడు తను, ఆ మాట దగ్గర, అలాంటి మనిషి, లేని బరువును అంత నిజంగా మొయ్యగలిగిన మనిషి, ఉన్న బరువును మోస్తూ మొహం మార్చుకుంటుందా, మార్చుకోలేదు, దుప్పటి రెండుసార్లు మడిచింది, బాత్రూము గడియ పెట్టుకుంది, స్కూటరు మీద ఎండలో కూర్చుంది, పొద్దున జిప్పు లాగుతూ ఆఖరికి దించు అంది, ఆ మాటకు ఆవిడ భాష అదే, తను ఆగలేదు, మేకులు పట్రమ్మన్నాడు, మేస్త్రి ఉంటే తనతో మళ్లీ అద్దం ఎత్తేవాడు కాదు, ఎందుకంటే తన కొస ఎప్పుడో వదిలేశాడు, చెప్పకుండా వదిలేసి, చేతులు మాత్రం అలాగే చాపుకుని, ఈల వేసుకుంటూ పక్కన నడుస్తున్నాడు, ఆ రోజు రోడ్డు మీద ఇద్దరి చేతుల్లోనూ ఏమీ లేదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇంట్లో ఉన్నది నిజం అద్దం, ఇద్దరూ మోస్తున్నారనుకుని దారిలో అందరూ పక్కకు తప్పుకున్నారు, మోస్తున్నది ఒక్కతే.