ఆవిడ చప్పట్ల ఆలస్యం

మీటలాయనకి దేవుడి మీద నమ్మకం లేదు. కంప్యూటర్ మీద అంతకన్నా లేదు. పది నిమిషాలకోసారి సేవ్ చేసుకుంటాడు. మేడమీద గదిలో గోడలకి పాత పరుపుల స్పాంజి అంటించి, వాయిద్యం ముట్టకుండా మీటలు నొక్కి సంగీతం చేస్తాడని ఆ పేరు పెట్టింది బావమరిది. ఆ బావమరిది ప్రార్థన మందిరానికి కార్యదర్శి. గొంతు తక్కువ, మైకు ఎక్కువ.

"అక్క పోయి రెండేళ్లు బావా. ఆదివారం మందిరంలో తన పేరున పాట పెడుతున్నాం. తాళం నువ్వు చేసివ్వాలి. కానీ అందులో ఆత్మ ఉండాలి."

"ఎంత శాతం?"

"వేళాకోళమా?"

"నిజంగానే అడుగుతున్నాన్రా. ఇదిగో, ఈ మీట. తాళం దెబ్బల్ని కాస్త అటూ ఇటూ జరుపుతుంది. విన్నవాళ్లు మనిషే వాయించాడనుకుంటారు. మీరు ఆత్మ అనేది దీన్నే."

"నీతో అక్క ఎలా వేగిందో!" అంటూ బావమరిది మెట్లు దిగిపోయాడు.

మీటలాయన ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఆ మీట ఆయన వాడడు. మందిరంలో భార్య చప్పట్లు కొట్టిన పాత రికార్డింగు ఆయన దగ్గరుంది. ఆవిడ ప్రతి దెబ్బకీ వెనకబడేది. పెళ్లినాడూ ఆలస్యంగానే వచ్చింది. పోవడానికి మాత్రం తొందరపడింది. ఒక్కో దెబ్బ ఎంత వెనకబడిందో కొలిచి, ఆ కొలతనే రెండేళ్లుగా తను చేసే ప్రతి తాళానికీ పెడుతున్నాడు. అడిగితే అలవాటంటాడు.

మందిరానికి మాత్రం అది ఇవ్వదలుచుకోలేదు. గీత గీసినట్టు ఉత్త యంత్రపు తాళం చేశాడు. ఇరవై ఏళ్లు పక్కన నిలబడ్డవాళ్లు కదా, ఆవిడ ఇందులో లేదని వాళ్లే కనిపెట్టాలి. ఒక్కరు కనిపెట్టినా చాలు. ఎందుకైనా మంచిదని ఆవిడ కొలత పెట్టింది కూడా ఒకటి చేసి దగ్గరుంచుకున్నాడు.

ఆదివారం పాట మొదలవగానే హాలంతా ముక్కులు చీదింది. వరసలో ఆవిడ పక్కన నిలబడే దర్జీ ఆమె, "నా మోచేతికి తన మోచెయ్యి తగిలింది!" అని ఒకటే ఏడుపు. ప్రసంగాలు చెప్పే పెద్దాయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"ఆవిడ ఆత్మ ఇక్కడే ఉంది," అన్నాడు.

"అక్కే వచ్చి కొట్టినట్టుంది బావా!"

"రాలేదురా. అది ఉత్త యంత్రం. మీ అక్క ఇందులో ఉంది, వినండి," అని మీటలాయన రెండోది పెట్టాడు.

అరనిమిషం విన్నారు. దర్జీ ఆమె ఏడుపు ఆపి చీర కుచ్చిళ్లు సర్దుకుంది. పెద్దాయన చెవి గోక్కున్నాడు.

"తాళం తప్పుతోంది నాయనా. కాస్త సరిచెయ్యి."

బావమరిది తలూపాడు. "మొదటిదే బాగుంది బావా. దీంట్లో ఆత్మ లేదు."

మీటలాయన లేచిన విసురుకి కుర్చీ వెనక్కి పడింది.

"ఏమన్నావురా? ఆత్మ లేదా? కళ్లు పోతాయిరా నీకు!"