దిగని జెండా

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. పాపను ఎత్తుకుని ఉండగా మూర్ఛ వచ్చి పడిపోతే, ఆ సంగతి సాయంత్రం దాకా ఎవరికీ తెలియదని.

మూర్ఛ ఆమెకు కొత్త కాదు. తొమ్మిదో తరగతిలో లెక్కల మాస్టారు బోర్డు దగ్గరికి పిలిచినప్పుడు, సుద్దముక్క చేతిలో ఉండగానే మొదటిసారి పడిపోయింది. "చదివింది చాల్లే, రేపు రోడ్డు మీద పడితే ఎవరు చూస్తారు?" అని నాన్న బడి మాన్పించేశాడు. ఇప్పుడు ఆమెకు ఇరవై రెండేళ్లు. పాపకు ఏడు నెలలు. మొగుడు సిటీ బస్సు డ్రైవరు. పొద్దున ఆరింటికి వెళ్తే తిరిగి నాలుగింటికే రావడం. డ్యూటీలో ఫోను ముట్టుకోకూడదు. ఎదురింట్లో మొగుడూ పెళ్లాలిద్దరూ ఉద్యోగస్థులు, పగలంతా ఆ తలుపుకి తాళమే.

పాప పాలు తాగేటప్పుడు ఒంటిచేత్తో ఆడుకోవడానికి ఫోనులో ఓడదొంగల ఆట పెట్టుకుంది. తెరచాపలెత్తి సముద్రంలో తిరగడం, ఎదురైన ఓడను దోచుకోవడం, విసుగొస్తే రేవుకొచ్చి లంగరు వేయడం. ఆ రేవులోనే ఒంటికన్ను అక్క పరిచయమైంది. ఆటలో ఆవిడ బొమ్మకి ఒక కంటి మీద నల్లగుడ్డ కట్టి ఉంటుంది, అందుకని ఆ పేరు. బయట ఆవిడ ఇదే ఊళ్లో ఒంటరిగా ఉంటున్న దర్జీ. షుగరు మనిషి, పూటపూటకీ సూది వేసుకోవాలి. ఒకసారి జాకెట్టు కత్తిరిస్తూ కత్తిరిస్తూ షుగరు పడిపోయి, కళ్లు తిరిగి కూలబడిందట.

ఆ ఆటలో ఓ పద్ధతి ఉండేది. లంగరు వేసిన ఓడను గంటసేపు ఎవరూ ముట్టుకోకపోతే దాని జెండా దానంతటదే దిగిపోతుంది. అది చూసి అక్కకు ఆలోచన వచ్చింది.

"ఒసే పిల్లా, మన ఓడలు పక్కపక్కన కట్టేద్దాం. నీ జెండా దిగితే నేను ఫోన్ చేస్తా. నాది దిగితే నువ్వు చెయ్యి. ఎత్తకపోతే మనిషిని పంపాలి."

"నిద్రపోతే ఎలా అక్కా?"

"చెప్పి పడుకోవే. దొంగలమైతే మాత్రం మర్యాద ఉండక్కర్లేదా!"

ఆ రోజే ఫోను నంబర్లు, డిపో నంబరు, ఇంటి గుర్తులు ఇచ్చిపుచ్చుకున్నారు, అసలు పేర్లు మాత్రం అడగలేదు. మూడు నెలల కిందట ఆమె జెండా దిగింది. అక్క ఫోన్ చేసింది, ఎత్తలేదు. వెంటనే బస్సు డిపోకి చేసింది. ఇద్దరు కండక్టర్లు వచ్చి తలుపు గడియ విరగ్గొట్టారు. ఆమె వంటగదిలో గచ్చు మీద పడి ఉంది. పక్కన పాప నుదురు బొప్పి కట్టి, ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉంది.

ఆ మర్నాటి నుంచి మొగుడు బయట తాళం వేసుకుని వెళ్తున్నాడు. తాళంచెవి డిపోలో టైమ్‌కీపరు దగ్గర ఉంటుంది. "నువ్వు లోపల గడియ పెట్టుకుంటే ఎవరొస్తారే? చెవి వాళ్ల దగ్గరుంటే పరిగెత్తుకొస్తారు" అన్నాడు. ప్రేమగానే చేశాడు మరి. కానీ రోజూ ఆరింటికి తాళం టక్కుమనగానే ఫోను తీసి ఆట తెరిచేది. రేవులో అక్క జెండా కనిపించాకే ఊపిరి కిందికి దిగేది.

సోమవారం ఆట మారిపోయింది. కొత్త అలలు, కొత్త ఫిరంగులు. రేవులో మాట్లాడుకునే చోటు ఎత్తేశారు. అయినా అక్క ఓడ అక్కడే ఉంది, జెండా రెపరెపలాడుతోంది. మంగళవారమూ అంతే. అక్క బాగానే ఉందనుకుని నిశ్చింతగా పాప బట్టలు ఉతుక్కుంది.

బుధవారం పొద్దున పాప మొదటిసారి పాకింది. ఆ ముచ్చట చెబుదామని అక్కకు ఫోన్ చేస్తే స్విచాఫ్. ఛార్జింగు అయిపోయిందేమో, జెండా ఎగురుతోందిగా అని సర్దుకుంది. మాట్లాడుకునే చోటు మళ్లీ పెడతారేమో చూద్దామని తమ ఊరి ఆటగాళ్లు ఫిర్యాదులు రాసే పేజీ తెరిచింది. అక్కడ పెద్ద సంత జరుగుతోంది.

"ఎదురుగాలి తీసేశారు. ఇది ఓడా, ఆటోనా?" అని రాశాడు ఫిరంగి బాబాయి అని పేరు పెట్టుకున్న ఆటగాడు.

"దొంగల ఆటలో దోపిడీకి రోజుకి మూడుసార్లేనట! ఆఫీసులో సెలవులు నయం" అన్నాడు తిమింగలం.

"తెడ్లు వేసే చప్పుడు ఎక్కడరా నాయనా? నిద్రమాత్రలా పనిచేసేది."

"జెండాలు చూశారా? దిగితే అందంగా ఉండట్లేదని దించడం మానేశారు. నేను సోమవారం నుంచి ఆట తెరవనే లేదు, నా జెండా మాత్రం పెళ్లికొడుకు తలపాగాలా నిలబడే ఉంది!"

ఆమె ఆ చివరి మాట రెండుసార్లు చదివింది. రెండు రోజులుగా తను చూసి ధైర్యం తెచ్చుకున్నది అక్కను కాదు, ఉత్త బొమ్మను.

మళ్లీ ఫోన్ చేసింది. స్విచాఫ్. పోలీసు స్టేషనుకు చేసింది.

"పేరేంటమ్మా?"

"ఒంటికన్ను అక్కండి."

అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. "అసలు పేరు కనుక్కుని ఇంట్లో పెద్దవాళ్లతో చేయించమ్మా" అని పెట్టేశారు.

డిపోకి చేసింది. "బాబాయిగారూ, కాస్త ఎవరిచేతైనా తాళంచెవి పంపండి. నేను బయటికెళ్లాలి."

"మళ్లీ వచ్చిందా తల్లీ?" టైమ్‌కీపరు కంగారుపడ్డాడు.

"లేదండీ, నేను బాగానే ఉన్నా. మా అక్క..."

"హమ్మయ్య. నీకేమైనా అయితేనే చెవి తియ్యమన్నాడమ్మా మీ ఆయన. ఈరోజు సగంమంది రాలేదు, పంపడానికి మనిషి లేడు. నాలుగింటికి అతనొచ్చాక చెప్తాలే."

ఫోను పెట్టేశాక, మూర్ఛ వచ్చిందని ఒక్క అబద్ధం చెప్పి ఉంటే ఈపాటికి తలుపు తెరిచేవాళ్లు కదా అనిపించింది. మళ్లీ చేసింది. లైను బిజీ. మళ్లీ బిజీ. గోడ మీద గడియారం పదిన్నర.

ఇక మిగిలింది ఆ ఫిర్యాదుల పేజీ. తప్పులు పడతాయన్న సిగ్గుతో ఆమె అక్కడ ఎన్నడూ ఒక్క ముక్క రాయలేదు. "జెండా మళ్లీ దిగేలా చెయ్యండి, మాకు అవసరం" అని రాసింది.

"ఎందుకో? నీ జెండా ఎండలో వెలిసిపోతోందా చెల్లెమ్మా?" తిమింగలం ఎగతాళి.

పాప పాక్కుంటూ ఆమె మోకాలి మీదికి వచ్చి చీర కుచ్చిళ్లు లాగుతోంది. ఒంటరి ఆడమనిషి ఇల్లు పదిమందికీ చెప్పడం తప్పు. చెప్పకపోతే ఇంకా పెద్ద తప్పు. పాపను ఒళ్లోకి లాక్కుని, ఎక్కడా ఆగకుండా రాసేసింది:

"అన్నయ్యా, ఎగతాళి తరవాత చేద్దురుగాని. నాకు మూర్ఛ. ఒంటికన్ను అక్కకి షుగరు. జెండా దిగితే ఒకరికొకరం ఫోన్ చేసుకునేవాళ్లం. అలాగే నా ప్రాణం, నా పాప ప్రాణం నిలిచాయి. ఆట తయారుచేసినవాళ్లు దాన్ని అందం కోసం నిలబెట్టేశారు. ఆదివారం నుంచి అక్క మాట లేదు, ఫోను పనిచెయ్యట్లేదు. నేను తాళం వేసిన ఇంట్లో ఉన్నా, వెళ్లలేను. ఇది మన ఊళ్లోనే. సబ్బుల ఫ్యాక్టరీ వెనక వీధి, ఇస్త్రీ బండి ఎదురు మేడ, రెండో అంతస్తు, తలుపు మీద 'జాకెట్లు కుట్టబడును' అని ఉంటుంది. ఇద్దరు కలిసి వెళ్లండి, ఒకరు ఆడమనిషైతే మేలు. వెళ్లేటప్పుడు పంచదార పట్టుకెళ్లండి. గట్టిగా తలుపు కొట్టండి. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, లేచి రావడానికి టైము పడుతుంది. పలక్కపోతే వెనక్కి వచ్చెయ్యకండి, తలుపు విరగ్గొట్టండి. ఇది చదువుతున్న మీరు ఎవరైనా సరే, దయచేసి ఇప్పుడే వెళ్లి ఆవిణ్ణి ఒకసారి చూసి రండి."