చల్లారిన దిమ్మ

"వేణువులా? ప్రెస్సు దగ్గర వేణువులెందుకురా బామ్మర్దీ?" అన్నాడు కొలిమి చూసే మా బావ.

ఇంజనీరమ్మ "రేణువులు జాగ్రత్త" అని చెప్పి పైకి వెళ్ళింది. అల్యూమినియంలో కలిపిన గట్టి పింగాణీ రేణువులవి. ప్రెస్సు మోత బావ చెవుల్లో ఇరవయ్యేళ్ళుగా అద్దెకట్టకుండా కాపురముంటోంది, పాపం.

నేనూరుకుంటానా? కాలిన ఆ అల్యూమినియం దిమ్మను అచ్చులో పెట్టి ఒత్తడం నా ఉద్యోగం. అచ్చులూ ఒత్తులూ వచ్చినవాడికి నోరూరుకోదు.

"అవును బావా! ఈ దిమ్మకి ఏడు బెజ్జాలు పొడిచి నీచేత ఊదిస్తారట. ఊపిరి దాచుకో!"

వర్క్‌షాపంతా పడీపడీ నవ్వింది. నవ్వులు ఆగాక చూస్తే, కొలిమిలోంచి తీసిన దిమ్మ బల్లమీదే ఉంది. నాలుగొందల యాభై డిగ్రీలుండాల్సింది మూడొందల ఇరవైకి దిగిపోయింది. చల్లారింది దిమ్మ, దిమ్మతిరిగింది నాకు.

మళ్ళీ కొలిమిలో పెడితే ఆలస్యానికి కారణం రాయాలి. "నవ్వుకున్నాం" అని రాస్తే ఊరుకుంటారా? అలాగే ఒత్తేశాను. ప్రెస్సు మూలిగింది. బావ నా మొహం చూసి, వేడి లెక్కల పుస్తకంలో నాలుగొందల యాభై అనే రాసేశాడు.

వారం తర్వాత ఇంజనీరమ్మ పరుగున దిగివచ్చింది.

"బాబాయ్! పరీక్షలో ఏడు దిమ్మలు పగిలాయా, ఈ ఎనిమిదోది నిలబడింది! మళ్ళీ కాల్చి చూస్తే లోపల లోహపు స్ఫటికాలు ఎంత సన్నగా వచ్చాయో! అదే వేడిలో ఇంకొక్కటి చేసిపెట్టండి. అదీ నిలిస్తే ఈ పని నిలుస్తుంది, లేకపోతే సోమవారం నుంచి నన్ను రావద్దంటారు."

చేశాం, ఈసారి నిజంగానే నాలుగొందల యాభైలో. పగిలింది. లోపలంతా ముతక స్ఫటికాలే.

ఆ పిల్ల స్టూలు మీద కూలబడి పుస్తకం పేజీలు తిప్పుతోంది. "రెండింటికీ తేడా లేదు. తప్పు నాదే, ఎక్కడో..."

ఇక ఆగలేకపోయాను. బావ నా కాలు తొక్కుతున్నా సరే.

"తప్పు నీది కాదమ్మా, నా నోటిది. ఎనిమిదోది మూడొందల ఇరవైలో ఒత్తాను."

"రాసింది నేను. తిడితే నన్ను తిట్టు," అన్నాడు బావ. ఆ ఒక్కమాటా ఆయనకి ఎలా వినబడిందో!

ఆమె తిట్టలేదు. కళ్ళు తుడుచుకుని అందర్నీ పిలిచింది. సుద్దముక్కతో నేలమీద గుండ్రాలు గీసింది.

"ఇవి రేణువులు. బాగా వేడిమీద ఒత్తితే వీటి చుట్టూ నలిగిన లోహం అప్పటికప్పుడే సర్దుకుపోతుంది. వేడి తగ్గించి ఒత్తితే ఆ నలుగుడు అలాగే ఉండిపోతుంది. తర్వాత కాల్చినప్పుడు నలిగిన చోటల్లా కొత్త స్ఫటికం పుడుతుంది. అన్ని పుడితే ఏ ఒక్కటీ బలిసేందుకు చోటుండదు, స్ఫటికాలు సన్నగా ఉంటే దిమ్మ పగలదు. ఇన్నాళ్ళూ నేను చెప్పిన వేడే ఎక్కువ. పుస్తకంలో ఎనిమిదోదానికి అంకె తప్పు రాశారు, అందుకే తొమ్మిదోది పగిలింది. అంతే సంగతి. సోమవారం లోపు మూడొందల ఇరవైలో ఇంకొకటి ఒత్తి చూపిస్తే సరి. నిజం చెప్పారు బాబాయ్, మీ ఇద్దరి మేలూ మర్చిపోను."

మేలు మాది కాదు, ఆమెది. ఆ మాట తర్వాత చెబుదామని పదో దిమ్మకి అచ్చు తుడవడం మొదలుపెట్టాను. జీవితంలో మొదటిసారి పని ముందు, మాట తర్వాత.