ఖాన్ యూనిస్ దుమ్ము

గల్ఫ్‌లో, అల్ ఖువైర్‌లోని ఆ మూడో అంతస్తు ఫ్లాట్‌లో సత్తవ్వకు రోజూ మొదటి పని భోజనాల బల్ల తుడవడం. కిటికీలు మూసే ఉంటాయి, ఏసీ ఆగదు. అయినా తెల్లారేసరికి బల్ల నిండా బూడిద రంగు దుమ్ము పరుచుకుని ఉంటుంది. ఖాన్ యూనిస్‌లో యజమాని అనీస్ తాతగారి ఇల్లు బాంబు పడి కూలినప్పటి నుంచీ ఆ ఇంటి దుమ్ము ఇలా వస్తూనే ఉంది. పక్క ఫ్లాట్‌వాళ్లు ఒకసారి చూసి, "మాకైతే పరుపుల మీదే పడుతోంది, మీరు నయం" అన్నారు.

సత్తవ్వది జగిత్యాల. పద్నాలుగేళ్లుగా ఆ ఇంట్లోనే పని, కాబట్టి అరబీ బాగానే తెలుసు. అనీస్ ఇంజనీరు. అతని అక్క కుల్సుమ్ ఇరవై ఏళ్లు అమెరికాలో, మిషిగన్‌లో బతికి, భర్త పోయాక నిరుడే తమ్ముడి దగ్గరికి వచ్చింది. పాస్‌పోర్టు మాత్రం అమెరికాదే. ఆ అక్టోబరులో అమెరికా ఎన్నికలకు ఆమె ఓటు కాగితం కొరియర్‌లో వచ్చింది.

శుక్రవారం అన్నాల దగ్గర గొడవ మొదలైంది.

"అధ్యక్షుడి గడి ఖాళీగా వదిలేస్తా" అంది కుల్సుమ్. "మా ప్రతినిధికైతే ఎదురు ఓటే. వాడు ఓడాలి."

ఆ ప్రతినిధి కోసమే ఒకప్పుడు ఆమె మంచులో ఇల్లిల్లూ తిరిగి ఓట్లడిగింది. అతను ఆమె వంటింట్లో కూర్చుని కడుపునిండా తిని, గోడ మీదున్న తాతగారింటి ఫోటో చూసి, "మీవాళ్లు నావాళ్లు" అన్నాడు. తర్వాత వాషింగ్టన్ సభలో బాంబులు పంపడానికి చెయ్యెత్తాడు.

"అవతలి పార్టీవాడు గెలిస్తే బాంబులు ఆగుతాయా? వాళ్లు ఇంకా ఎక్కువ పంపుతామంటున్నారు" అన్నాడు అనీస్.

"తెలుసు. కానీ అక్కడి మనవాళ్ల వీధులన్నీ డెమొక్రాట్లకే వేస్తాయని వీళ్ల ధీమా. మనల్ని చంపినా మన ఓటు ఎక్కడికీ పోదనుకున్నారు. ఒక్కసారి పోవాలి."

"మరి ఖాలా సంగతి?"

ఖాలా అంటే వాళ్ల పిన్ని. ఆ ఇంటి శిథిలాల్లోంచి బతికి బయటపడిన ఒకే ఒక్క మనిషి. కాలు నుజ్జయి కైరో ఆసుపత్రిలో పడి ఉంది. ఆపరేషన్‌కు అమెరికా వెళ్లాలంటే వీసా కావాలి. ఆ ఫైలు ఏడు నెలలుగా ప్రతినిధి ఆఫీసులోనే ఉంది.

"వాణ్ని ఓడిస్తే ఫైలు చెత్తబుట్టలోకి పోతుంది" అన్నాడు అనీస్. "పగ తీరుతుంది సరే, పిన్ని కాలు?"

కుల్సుమ్ కూర గిన్నె దించుతున్న సత్తవ్వ వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. మీ ఊళ్లో అయితే ఏం చేస్తారు?"

"రోడ్డేస్తనని ఎయ్యని ఎమ్మెల్యేని మేం ఓడగొట్టినం మేడం."

"తర్వాత?"

"గెలిసినోడు గూడ ఎయ్యలే."

అనీస్ నవ్వాడు. "మరి ఏం లాభం?"

"ఓడినోని మొకం జూసినం గద బాబా" అంది సత్తవ్వ.

ఆ సాయంత్రం కుల్సుమ్ తను అన్నట్టే ఒక గడి వదిలి మిగతావి నింపి, కాగితం బల్ల మీదే ఉంచింది. పొద్దున దాని మీద కూడా దుమ్ము పడింది. సత్తవ్వ తుడవబోతే, "వద్దు" అని, దుమ్ముతో సహా మడిచి కవరులో పెట్టి అంటించింది. ఖురంలోని కొరియర్ ఆఫీసుకు తనే తీసుకెళ్లి ఇచ్చింది.

మర్నాడు బల్ల శుభ్రంగా ఉంది. ఆ తర్వాత కూడా అంతే.

నవంబరులో ప్రతినిధి కొద్ది తేడాతో ఓడిపోయాడు. టీవీలో అతని మొహం కనిపించినప్పుడు కుల్సుమ్ సత్తవ్వను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. ఇద్దరూ చివరిదాకా చూశారు.

పది రోజులకు అతనే ఫోన్ చేశాడు. పదవి ఇంకా జనవరి దాకా ఉంది.

"రోజూ నా బల్ల మీద దుమ్ము పడుతోంది" అన్నాడు. గొంతు అరిగిపోయినట్టుంది. "అందులో ఎర్ర గచ్చు పలకల ముక్కలున్నాయి. నీ వంటింటి గోడ మీది ఫోటోలో చూశాను వాటిని. దీన్ని ఎలా ఆపాలి?"

"మాకూ తెలియదు" అంది కుల్సుమ్. "దాని కింద ఎక్కడో మా ఖాలా ఫైలుంటుంది. ముందు అది వెతుకు."

"వెతికి పని చేసిపెడితే ఆగుతుందా?"

"ఆగదు."

ఆమె ఫోన్ పెట్టేసింది. ఆకలేస్తోందని చెప్పి రెండోసారి అన్నం పెట్టించుకుంది.

క్రిస్మస్‌కు ముందే వీసా వచ్చింది. మిషిగన్‌లో ఆపరేషన్ అయింది. ఫిబ్రవరిలో ఖాలా వీడియో కాల్‌లో కనిపించినప్పుడు, మంచం పక్కన ఒక పెద్దమనిషి తల వంచుకుని కూర్చుని ఉన్నాడు. టీవీలో చూసిన ఆ ప్రతినిధే. కోటు భుజాల నిండా బూడిద రంగు దుమ్ము.

"రోజూ వస్తాడు" అంది ఖాలా. "భుజం మీద పడ్డ పెళ్ల తీసి, అది ఏ గదిదో, అందులో ఎవరు పడుకునేవాళ్లో చెబుతుంటా. నర్సు ఇంగ్లీషులో వినిపిస్తుంది. ఏడుస్తాడు. అయినా లేవనివ్వను."

"ఇంకా ఎన్నాళ్లు ఖాలా?" అన్నాడు అనీస్.

"ఇప్పుడేగా మొదలుపెట్టింది? మేడ మీది గదుల దాకా ఇంకా రానేలేదు."