కమాల్ బాషా నూలు రిపోర్టు

నాకు ముక్కు మీదే కోపం. ప్రొద్దుటూరులో ఎవరినడిగినా చెప్తారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రెండేళ్లకు, ఆ ఊళ్లో ఒక డాక్టరుగారి దగ్గర ల్యాబులో పనిచేసేవాణ్ణి. ల్యాబంటే ఏదో ఊహించుకోకండి. ఒక గది, ఒక మైక్రోస్కోపు, ఒక స్పిరిటు దీపం, నాలుగు సీసాలు, పెంచలయ్య అనే నేను. మూత్రం తెమ్మంటే ఒకడు తలనూనె సీసాలో తెచ్చేవాడు, ఇంకొకడు తేనె సీసాలో. తేనె సీసాలో తెస్తే అందులో చక్కెర ఉండక ఉప్పుంటుందా? కోపం రాదా, మీరే చెప్పండి.

కానీ ఈ కథలో తప్పు నాది. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మీరే కనిపెట్టామని సంబరపడకుండా.

కమాల్ బాషా జమ్మలమడుగులో నూలుకు రంగు వేసే మనిషి. యాభై ఏళ్లుంటాయి. మోచేతుల దాకా చేతులు ఒకరోజు ఎర్రగా, ఒకరోజు నీలంగా ఉండేవి. కుడికాలి బొటనవేలికి పుండు పడి రెండు నెలలైనా మానలేదని భార్య ఖమర్‌బీ బలవంతంగా బస్సెక్కించి తీసుకొచ్చింది. డాక్టరుగారు కోస్తా నుంచి వచ్చినాయన, మెత్తగా మాట్లాడతారు. ఆయన మెత్తగానే చెప్పారు.

"నీకు చక్కెర జబ్బు. రోజూ మీ ఊళ్లో కాంపౌండరు చేత ఇంజెక్షను వేయించుకో. తీపి మానెయ్యి. పదిహేను రోజుల్లో చక్కెర దిగితే పుండు మానుతుంది. దిగకపోతే కర్నూలు వెళ్లి ఆ వేలు తీయించుకోవాల్సిందే."

కమాల్ బాషా ముఖం పాలిపోయింది. రంగు గుంత అంచున తడిలో నిలబడి, నానిన నూలు పైకి లాగాలంటే బొటనవేలి పట్టే ఆధారం.

"వేలు పోతే నేను గుంతలో పడతా సామీ," అన్నాడు.

రోజూ ప్రొద్దుటూరికి రాలేడు కాబట్టి ఇంట్లోనే పరీక్ష చేసుకోవడం నేర్పమని డాక్టరుగారు నాకు అప్పగించారు. నేర్పాను.

"మామా, ఈ గాజుగొట్టంలో గీత దాకా నీలిమందు పొయ్యి. దాంట్లోకి నీ మూత్రం ఎనిమిది చుక్కలు. తొమ్మిది గాదు. దీపం మీద రెండు నిమిషాలు కాంచు. రంగు చూడు."

అతని మూత్రంతోనే చేసి చూపించాను. నీలం ఆకుపచ్చయింది, పసుపయింది, చివరికి ఇటుకపొడి కలిపినట్టు ఎర్రగా తేలింది. పరీక్ష అంత స్పష్టంగా కుదిరితే మా పనివాళ్లకు ముచ్చట. "అబ్బ! భలే వచ్చింది చూడు మామా!" అన్నాను.

ఆ ఒక్క మాట కొంప ముంచింది. అప్పుడు నాకు తెలియలేదు.

"రోజూ ఏ రంగు వచ్చిందో రాసి పెట్టు," అన్నాను.

"నాకు రాసేది రాదప్పా."

"అయితే నీకు చేతనైనట్ట గుర్తు పెట్టుకో. నాకు రంగు తెలియాల, అంతే."

బయట పదిమంది సీసాలు పట్టుకొని కూర్చున్నారు. ఎరుపు మంచిదా, నీలం మంచిదా అన్నది చెప్పలేదు. చెప్పాలని తోచనేలేదు. అది అందరికీ తెలిసిందే అనుకున్నాను. నాకు తెలిసిందల్లా అందరికీ తెలుసుననుకోవడం నా పాత రోగం, దానికి ఏ గొట్టంలోనూ పరీక్ష లేదు.

పదిహేనో రోజు దంపతులు మళ్లీ వచ్చారు. కమాల్ బాషా ముఖం పండగపూట వెలిగినట్టు వెలుగుతోంది. సంచిలోంచి ఒక తాడు తీసి నా బల్ల మీద పరిచాడు. తాడుకు వరుసగా పదిహేను నూలు పోగులు ముడివేసి ఉన్నాయి. ఏ రోజు గొట్టంలో ఏ రంగు వస్తే ఆ రంగే కలిపి, పోగు ముంచి, ఆరబెట్టి కట్టాడట. నేను ల్యాబు పుస్తకంలో కూడికల గుర్తులు పెడతాను, ఒకటి నుంచి నాలుగు దాకా. అతని తాడులో నాలుగుకూ మూడుకూ మధ్యనే మూడు ఛాయలున్నాయి. నిజం చెప్పాలంటే నాకు అసూయ కలిగింది.

తర్వాత ఆ రంగుల వరుస చూశాను. మొదటి నాలుగు రోజులు ఇటుక ఎరుపు. ఐదో రోజు కనకాంబరం. ఆరో రోజు మెంతి రంగు. ఏడో రోజు నుంచి మళ్లీ ఎరుపు, రోజురోజుకూ చిక్కగా.

"ఎట్ల పండిందో చూడప్పా!" అన్నాడు. "నడాన రెండు రోజులు రంగు దిగిపాయ. డాక్టరు తీపి మానమంటే మాన్యా గదా, దాన్నే దిగినట్టుంది. పటిక ల్యాకుంటే నూలుకు రంగు పట్టదు గదా, ఇదీ అట్లే అనుకున్యా. పొద్దున ఇంత, మాపున ఇంత బెల్లం తిన్యా. చూడు, మళ్ల ఎట్ల ఎక్కిందో!"

నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏం మనిషివి మామా నువ్వు! ఎరుపంటే చక్కెర! ఎంత ఎర్రగుంటే అంత చెడ్డ! బెల్లం తిని వేలు పోగొట్టుకుంటావా? బుద్ధుండాదా?" గోడలు అదిరేట్టు అరిచాను.

ఖమర్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కమాల్ బాషా తాడులోని ఎర్ర పోగు ఒకటి పట్టుకొని అన్నాడు.

"ఎర్రగొస్తే, భలే వచ్చిందంటివి గదప్పా."

అప్పుడు గుర్తొచ్చింది, అన్నది నేనే. అంతలో డాక్టరుగారు లోపలికి పిలిచారు. ఆ పొద్దున అతని పరీక్షకు నా పుస్తకంలో పడిన నాలుగు కూడికలు చూసి, పుండు చూసి, కనుబొమలు ముడిచారు.

"ఎందుకు పెరిగింది? తీపి తిన్నావా?"

నేను తలుపు పక్కన నిలబడ్డాను. ఇప్పుడు చెప్పేస్తాడు, ఈ పెంచలయ్యే ఎరుపు మంచిదన్నాడని చెప్పేస్తాడు. నా కొలువుకు నీళ్లొదులుకున్నట్టే అనుకున్నాను.

"నాదే తప్పు సామీ," అన్నాడు కమాల్ బాషా. "నోరు కట్టుకోల్యాకపోతిని."

డాక్టరుగారి మెత్తదనమంతా ఆ పూట ఎగిరిపోయింది. చెడామడా చీవాట్లు పెట్టారు. అతను తల వంచుకొని విన్నాడు. నేనూ విన్నాను, ఒక్క మాట పలకకుండా. సిగ్గేసింది. ఈనాటికీ తలచుకుంటే సిగ్గేస్తుంది. చివరికి ఇంకో పదిహేను రోజులు గడువిచ్చి, ఇదే ఆఖరన్నారు.

బయటికి వచ్చాక అడిగాను. "ఎందుకు మామా, నా పేరు చెప్పకపోతివి?"

"నీది కొలువప్పా, పోతే మళ్ల దొరకదు. నాకు తిట్లేం కొత్త?"

"దినామూ ఇంట్లో తింటాండాడు గదా, అలవాటే," అంది ఖమర్‌బీ. ఏడవబోయిన మనిషి నవ్వేసింది. నేనూ నవ్వాను, కళ్లల్లో నీళ్లు తిరుగుతుండగా.

అప్పుడు కూర్చోబెట్టి మొదటి నుంచి చెప్పాను, కోపం లేకుండా. మూత్రంలో చక్కెర లేకపోతే మందు నీలంగానే ఉంటుంది. కాస్త ఉంటే ఆకుపచ్చ, ఎక్కువైతే పసుపు, మరీ ఎక్కువైతే ఎరుపు. అతని సంచిలోంచి నీలం పోగొకటి తీసుకొని తాడు కొసన కట్టాను.

"మామా, దీనికి రావాల."

కమాల్ బాషా ఆ పోగును వేళ్ల మధ్య నలిపి చూసి, నుదురు కొట్టుకున్నాడు.

"అరే అల్లా! ముందే నమూనా ఇచ్చింటే ఇంత దూరం యాల వచ్చునప్పా? రంగుకు నూలు తెచ్చే ఏ మనిషన్నా నమూనా ఇయ్యకుండా పోతాడా? నమూనా ల్యాకుంటే, భలే అన్న రంగే కదా మేము తెచ్చేది!"

నిజమే కదా! ముప్పై ఏళ్లుగా రంగు పని చేసే మనిషికి పని అప్పగించి, ఏ రంగు కావాలో చెప్పని తెలివి నాది.

ఆ పదిహేను రోజులూ నాకు అన్నం సయించలేదు. ఎవరు కుంటుతూ వచ్చినా లేచి గడప దాకా వెళ్లి చూసేవాణ్ణి. సీసాలో ఏం తెచ్చినా ఎవరినీ తిట్టలేదు. నాకు జ్వరమొచ్చిందేమోనని డాక్టరుగారు నాడి కూడా చూశారు.

గడువు రోజున కమాల్ బాషా వచ్చాడు. తాడు చేతికిచ్చాడు. పాత పోగులకూ నా నమూనాకూ మధ్య కొత్తవి కట్టి ఉన్నాయి. రెండేసి రోజులకొక రంగు దిగుతూ వచ్చింది: ఎరుపు, కనకాంబరం, మెంతి, నిమ్మపండు, చిలకపచ్చ, నెమలికంఠం. ఆఖరి మూడు పోగులు నీలం. నేను కట్టిన నమూనా ఏదో, అతను ముంచింది ఏదో నాకు తెలియలేదు. అతని మూత్రం నేనే కాచాను. రెండు నిమిషాలు రెండేళ్లలా గడిచాయి. గొట్టం నీలంగా ఉండిపోయింది.

డాక్టరుగారు కట్టు విప్పారు. పుండు అంచుల్లో కొత్త చర్మం ఎర్రగా మెరుస్తోంది.

"ఈ ఎరుపు మాత్రం మంచిదే," అన్నారు నవ్వుతూ. "కోత అక్కర్లేదు."

ఖమర్‌బీ అక్కడే గోడకు ఆనుకొని కూలబడి ఏడ్చింది. ఇక నాకు ఆగలేదు. "సార్, మొదటిసారి తప్పు అతనిది కాదు, నాది," అని జరిగిందంతా చెప్పేశాను. డాక్టరుగారు ఆనాడు అతన్ని ఎంతసేపు తిట్టారో నన్నూ అంతసేపు తిట్టారు, ఒక్క మాట తగ్గకుండా. కొలువు మాత్రం తీయలేదు. ఆ తాడును ల్యాబు గోడకు కట్టించి, వచ్చిన ప్రతివాళ్లకూ ముందు నీలం కొసే చూపించమన్నారు.

బయట కమాల్ బాషా నాకోసం కాచుకొని ఉన్నాడు. తిట్లన్నీ విన్నట్టే ఉంది, మీసం చాటున నవ్వుతున్నాడు.

"ఏందప్పా, బాగా పడినాయా?"

"పడినాయి మామా. కడుపు నిండింది."

"ఇదో, చూడు," అని కుడికాలు ముందుకు చాపాడు. బొటనవేలు కట్టులోంచే కిందికీ పైకీ ఆడించాడు. "నీకు సలాం చెప్తాంది."

"బస్సు పోతాంది, నడువు!" అని ఖమర్‌బీ చెయ్యి పట్టి లాగింది. ల్యాబు నిండా జనం ఉన్నా, ఆ కాలు బస్సు మెట్టు ఎక్కేదాకా నేను గడప దాటి లోపలికి పోలేదు.