రెండో సాక్ష్యం

మంట కనిపించగానే జీవమ్మ టీచరు చేసిన మొదటి పని కారును రోడ్డు పక్కకు తీసి ఆపడం. రెండో పని తమ్ముణ్ని తిట్టడం.

"రేయ్ మోషే! దిగు, దిగి చావు!"

మోషేకు కారెక్కితే చాలు, కునుకు పడుతుంది. నంద్యాలలో ఎక్కినవాడు సిరివెళ్ల దాటినా లేవలేదు. ఇప్పుడు కళ్లు తెరిచేసరికి ఎదురుగా బానెట్ అంచుల్లోంచి నల్లటి పొగ, పొగలో ఎర్రగా మంట. "ప్రభువా, నీవే దిక్కు" అని రెండు చేతులూ జోడించి మళ్లీ కళ్లు మూసుకున్నాడు. అరవై రెండేళ్ల జీవమ్మ చుట్టూ తిరిగి వచ్చి, తలుపు లాగి, చొక్కా పట్టుకుని అతన్ని బయటికి ఈడ్చింది.

"ప్రార్థన మళ్లా చేసుకుందువు. ముందు ఇసుక ఎత్తి పొయ్యి!"

అదృష్టం కొద్దీ రోడ్డు పక్కన కల్వర్టు పనికి పోసిన ఇసుక కుప్ప ఉంది. అక్కాతమ్ముళ్లు దోసిళ్లతో, అన్నం డబ్బాతో ఎత్తి ముందు జాలీలోంచి లోపలికి కొట్టడం మొదలుపెట్టారు. అప్పటికే ఆరు బైకులు, ఒక ఆటో ఆగాయి. దిగినవాళ్లు ఇసుక ఎత్తారా? ఫోన్లు ఎత్తారు. ఒకడు వీడియో తీస్తూనే సలహా చెప్పాడు.

"బానెట్ తెరువమ్మా, మంట బయటికి పోతాది."

"తెరిస్తే గాలి తగిలి ఇంకా రేగుతాది. ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా!"

ఇంకొకడు నీళ్ల బాటిల్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "పెట్రోలు మంట మీద నీళ్లా? నువ్వు ఏ బళ్లో చదివినావురా?" అని అరిచింది. ఆ పిల్లవాడు తన బళ్లోనే చదివాడని ఆమెకు తర్వాత తెలిసింది. చివరికి ఒక లారీ డ్రైవరు మారుమాట లేకుండా మంటలార్పే తన ఎర్ర సిలిండరు తెచ్చి జాలీలోకి తెల్లటి పొడి కొడితే మంట ఆరింది. ఆయన పేరైనా అడక్కముందే వెళ్లిపోయాడు. ఫోన్లవాళ్లు మాత్రం ఇంకో పావుగంట ఉన్నారు.

ఆకాశం రంగు పద్మిని అది. ఆళ్లగడ్డలో ఆడవాళ్లు స్కూటరు వెనక కూడా ఒద్దికగా కూర్చునే రోజుల్లో జీవమ్మ ఆ కారు కొని, తానే నడిపి, బడికి, చర్చికి, ప్యాపిలిలో పుట్టింటికి తిరిగింది. 'కారు టీచరమ్మ' అంటే చాలు, ఇల్లు చూపిస్తారు. ఇప్పుడు దాని ముందు సగం రంగు పొంగి, నల్లబడి, రబ్బరు కంపు కొడుతోంది. "ప్రాణాలు దక్కినాయి గదా అక్కా" అన్నాడు మోషే. ఆ మాటకు ఆమెకు ఒళ్లు మండిపోయింది. ప్రాణాలు దక్కడం ఏమంత గొప్ప, అవి రోజూ దక్కుతూనే ఉన్నాయి. పోయింది బండి.

"ఈ పొద్దే గదరా శాంతయ్య చేతుల్లోంచి తెచ్చినాం" అంది పళ్లు కొరుకుతూ. "ముప్పై ఏండ్లు నమ్మినా వాన్ని."

శాంతయ్య నంద్యాలలో మెకానిక్కు. పద్మిని బండి అంటే జిల్లాలో ఇంకెవరూ చెయ్యి పెట్టరు, పెట్టినా తెలీదు. ఆ ఉదయం కారు ఆయన షెడ్డులోనే ఉంది. ఇంకేం కావాలి, నేరం రుజువైపోయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. జీవమ్మ నోటికి మాత్రం ఊరే ఎప్పుడో సర్దుకుపోయింది. అందుకే ఆమెను ఆపినవాళ్లు లేరు.

ఆ ఆదివారమే ఆమె సాక్ష్యం చెప్పింది. గండం గడిచినవాళ్లు ఆరాధనలో లేచి, దేవుడు తమను ఎట్లా కాపాడాడో సంఘం ముందు చెప్పుకోవడం వాళ్ల చర్చిలో ఆనవాయితీ. కాన్పు తేలికగా అయినా సాక్ష్యమే, బోరులో నీళ్లు పడినా సాక్ష్యమే. అందరూ మూడు ముక్కల్లో ముగిస్తారు. జీవమ్మ పాతికేళ్లు పాఠాలు చెప్పిన మనిషి కదా, ఇరవై నిమిషాలు తీసుకుంది. అందులో దేవుడి వంతు ఐదు నిమిషాలు, తక్కినదంతా శాంతయ్యకే. "ఆ మనిషి పని చేసిన గంటకే ఇంజిను అంటుకున్యాది. నంద్యాలలో బండి ఇచ్చే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోండి" అని ముగించింది. స్తోత్రం, స్తోత్రం అన్నారు అందరూ.

ఆడవాళ్ల వైపు మూడో వరసలోంచి ఒక అమ్మాయి లేచి, చంటిబిడ్డను భుజాన వేసుకుని బయటికి నడిచింది. ప్రియదర్శిని, శాంతయ్య కూతురు, ఆళ్లగడ్డలోనే కాపురం. జీవమ్మ చూసింది. చూసి, నిజం చేదుగానే ఉంటుంది అనుకుంది.

బుధవారం కారును ట్రాక్టరుకు కట్టించి నంద్యాలకు లాక్కొచ్చింది. బాగు చేయించడానికి కాదు, మొహం మీద అడగడానికి. షెడ్డు ముందు దిగుతూనే గొంతు ఎత్తింది.

"చూడు శాంతయ్యా, నీ పనితనం చూడు!"

శాంతయ్య లేవలేదు. చేస్తున్న పని ముగించి, చేతులు గుడ్డకు తుడుచుకుని, మెల్లగా వచ్చాడు. బానెట్ ఎత్తాడు. ఇసుక జలజలా రాలింది. కాసేపు వంగి చూసి, కటింగ్ ప్లయరుతో పెట్రోలు పంపు మూతి దగ్గర ఏదో పీకి ఆమె అరచేతిలో పెట్టాడు. అంగుళం ముక్క. ఒక చివర కరిగి బొగ్గైంది, రెండో చివర ఇంకా పచ్చగా ఉంది. దాని చుట్టూ మూడు చుట్లు బైండింగ్ వైరు.

"ఇదేందో చెప్పు" అన్నాడు. ముప్పై ఏళ్లుగా 'మీరు' అన్న మనిషి.

"పైపు."

"ఏ పైపు? మందు కొట్టే పంపు పైపు ఇది. శెనగ చేన్లో మందు కొట్టుకునేది. నీళ్లకు ఓర్చుకుంటాది గానీ పెట్రోలుకు ఓర్చుకోదు, మెత్తబడి ఊడుతాది. ఇట్లాంటిది నా షెడ్డులో యాడైనా ఉందేమో, పో, వెతుక్కో."

వెతకాల్సిన పని లేకపోయింది. ఫిబ్రవరిలో చాగలమర్రి నుంచి వస్తుంటే పైపు పగిలింది. రోడ్డు పక్క పురుగుమందుల అంగడిలో అడుగు పైపు కొని, ఇల్లు కడుతున్నవాళ్ల దగ్గర వైరు ముక్క అడిగి, తానే బిగించింది జీవమ్మ. ఇల్లు చేరేదాకా చాలులే అనుకుంది. ఇల్లు చేరింది. ఆ తర్వాత నెల రోజులు "మెకానిక్కు దేనికి, చదువుకున్న చెయ్యి చాలు" అని వీధంతా చెప్పుకుంది. చెప్పాల్సిన శాంతయ్యకు తప్ప అందరికీ చెప్పింది.

"ఆ పొద్దు నేను చేసింది బ్రేకులు" అన్నాడు శాంతయ్య. "అయినాక ఏమన్నా? బానెట్ తియ్యండి టీచరమ్మా, ఒకసారి చూస్తానన్నా. నువ్వేమన్నావు?"

నా ఇంజినుకేం రోగం, పని లేకుంటే ఇంకో బండి చూసుకో అంది. అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది.

కోపానికి ఒక మనిషి కావాలి. ఇన్నేళ్లూ ఎవరో ఒకరు దొరుకుతూనే ఉన్నారు. మోషే ఉన్నాడు, ఫోన్లవాళ్లు ఉన్నారు, ఈయన ఉన్నాడు. ఇప్పుడు ఎటు తిరిగినా ఎవరూ మిగల్లేదు, తాను తప్ప. ఆ కోపం తన మీదికే తిరిగితే ఎట్లా ఉంటుందో జీవమ్మకు ఆ రోజే తెలిసింది.

"బాగవుతాదా?" అంది చివరికి.

"అయితాది. వైరింగు పోయినాది, కార్బురేటరు పోయినాది. పాత సామాను నా దగ్గరుంది. కానీ నేను చెయ్యి పెట్టను. నా బిడ్డ ఫోనులో ఏడ్చింది. యాడ చెప్పినావో ఆడ్నే చెప్పు. అంతవరకు నీ బండి ఈడ ఇట్లే ఎండుతాది. గుడ్డ కూడా కప్పను."

శనివారం పాస్టరుగారికి సంగతంతా చెప్పింది. ఆయన నెమ్మదస్థుడు. "నాతో ఒప్పుకున్నారు, చాలు టీచరమ్మా. సంఘంలో మళ్లా ఎందుకు? దేవుడు క్షమించినాడు" అన్నాడు.

"నేను చెప్పింది దేవుని మీద కాదు అయ్యగారూ, శాంతయ్య మీద."

ఆదివారం లేచి నిలబడింది. చిన్నపిల్లలకు పది ఆజ్ఞలు బట్టీ పట్టించే మనిషి ఆమె. అబద్ధ సాక్ష్యం చెప్పకూడదనే తొమ్మిదో ఆజ్ఞ దగ్గర తడబడిన పిల్లలకు గోడ కుర్చీ వేయించేది. ఇప్పుడు ఆ వంతు తనది.

"పోయిన వారం ఈడ్నే నిలబడి నేను అబద్ధం చెప్పినా."

"స్తోత్రం!" అన్నారు వెనక నుంచి ఎవరో, అలవాటు కొద్దీ. ఇంకో ఇద్దరు అందుకున్నారు.

"స్తోత్రం ఏందప్పా!" జీవమ్మ గొంతు పైకప్పుకు తగిలింది. "అబద్ధం చెప్పినానంటే స్తోత్రమా? వింటాండారా, నిద్రపోతాండారా? ఇది స్తోత్రం చేసే సాక్ష్యం కాదు. శాంతయ్య చెయ్యి ఆ పొద్దు బానెట్‌కు తగల్లేదు. పనికిమాలిన పైపు నేను కట్టినా. చూస్తానంటే వద్దన్నా. నా బండి నేనే కాల్చుకోని, ఆయన పేరు కాల్చినా."

ఈసారి స్తోత్రం రాలేదు. జీవమ్మ ఆడవాళ్ల మూడో వరస వైపు చూసింది. ప్రియదర్శిని చోటు ఖాళీగా ఉంది.

బయటికొచ్చి, చెప్పులైనా వేసుకోకముందే ఫోను చేసింది. "చెప్పినా శాంతయ్యా. అందరి ముందర చెప్పినా."

"నా బిడ్డ విన్యాదా?"

"రాలేదు."

"పోయిన వారం వచ్చింది గదా" అని ఫోను పెట్టేశాడు.

నడినెత్తిన ఎండ. కారు లేదు. ఆటో కనిపించినా ఎక్కలేదు, ఈ దూరమైనా నడిచి చావాలి అనుకుంది కసిగా. ప్రియదర్శిని ఇంటి ముందు ఆమె అత్త తెల్లగడ్డలు ఒలుచుకుంటూ కూర్చుని ఉంది. అలికిడికి ప్రియదర్శిని గడప దాకా వచ్చింది. రమ్మనలేదు, పొమ్మనలేదు.

"మీ నాయన తప్పేం లేదు ప్రియా" అంది జీవమ్మ. "పైపు నేను కట్టినా. ఆయన మీద చెప్పిందంతా..."

"గట్టిగా చెప్పండి టీచర్." ప్రియదర్శిని కళ్లలో నీళ్లు లేవు. "మా అత్తకు సరిగ్గా వినపడదు. పోయిన వారం మీరు చెప్పింది మాత్రం బాగా వినపడినాది. అప్పటి నుంచి దినామూ నాకు అదే అప్పజెప్తాంది."

జీవమ్మ ముసలామె ముందు నేల మీద కూర్చుంది. బడిలో ఆఖరి బెంచీ దాకా వినిపించే గొంతుతో, "తప్పు నాది! శాంతయ్యది కాదు, నాది!" అని అరిచింది. ఎదురింటి తలుపు తెరుచుకుంది. పక్కింట్లోంచి ఇద్దరు తొంగిచూశారు.

ముసలామె చెవి వెనక చెయ్యి పెట్టుకుని ముందుకు వంగింది.

"ఏందీ?"

జీవమ్మ మళ్లీ చెప్పింది.